గుదిబండ నుంచి గొలుసు దాకా

నాలుగేళ్ళ కింద ధనుర్మాసంలో జరిగిన సంగతి ఇది. తెల్లవారుజామున ఐదున్నరకు మా కర్రిగాడిని తీసుకుని బయల్దేరాను. పేరు చూసి ఏ జాతి అనుకునేరు. నల్లగా ఉంటాడని ఆ పేరు, అంతే. చిత్రావతి ఒడ్డున మా అమ్మాయికి వానలో తడుస్తూ దొరికిన నాటు పిల్ల. వీధి మలుపు తిరిగేసరికి ఒకటే లాగుతున్నాడు. ఎవరూ లేరు కదా అని గొలుసు విప్పేశాను. వాడు నేరుగా ఎదురింటి వాకిట్లోకి పరిగెత్తాడు. అవ్వ అప్పుడే ముగ్గేసి, గొబ్బెమ్మలు పెట్టి, గుమ్మడిపూలు తెచ్చేందుకు లోపలికి పోయింది. ఆమె తిరిగొచ్చేలోపు మావాడు ముగ్గంతా తొక్కి, గొబ్బెమ్మ పక్కనే కాలెత్తి, తన పని కానిచ్చేశాడు.

అవ్వ అరవలేదు. అరిచినా బాగుండేది. చేతిలో పూలు పట్టుకుని నా మొహం చూసి ఒక్క మాటంది. "ఏమ్మా, కుక్కకు తిండి నీ ఇంట్లో పెడతావు. దాని మిగతా పనులకు మాత్రం మా వాకిళ్ళా?"

తల దించుకుని నీళ్ళు తెచ్చి కడుగుతుంటే, ఆమె అరుగు మీద కూర్చుని ఇంకో మాట కూడా అంది. "మా కాలంలో ఆవు ఇంకొకరి చేన్లో పడితే బందెలదొడ్డికి తోలేవాళ్ళు. ఇప్పుడు కుక్కకు యాడుండాది దొడ్డి?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజంగానే కుక్కకు దొడ్డి ఎందుకు లేదు? కుక్కను గొలుసుతో నడిపించడం, దాని తప్పుకు యజమాని జవాబు చెప్పడం, ఇవన్నీ సిటీల నుంచి వచ్చిన పద్ధతులా, మనకూ ఏమైనా ఉండేవా? వంటింటి పని అయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని చదివాను, పెద్దవాళ్ళను అడిగాను. తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

మొదట మన ఊరి పేరు దగ్గరికే వెళ్దాం. పుట్టపర్తిని ఒకప్పుడు గొల్లపల్లి అనేవాళ్ళని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. ఆవు పొదుగు దగ్గర పాలు తాగుతున్న పామును ఒక గొల్లవాడు రాయితో కొట్టాడట. అది చస్తూ శపించిందట. మందలు తరిగిపోయి, ఊరంతా పుట్టలు పెరిగి, గొల్లపల్లి పుట్టపర్తి అయిందట. చరిత్ర సంగతి ఎలా ఉన్నా, ఊరి పేరులోనే ఒక మూగజీవిని కొట్టిన తప్పు దాగి ఉంది.

మందలున్న ఊరికి రెండు కట్టుబాట్లు తప్పవు. ఒకటి గుదిబండ. కట్టు తప్పి తిరిగే పశువు మెడకు కొయ్య దుంగ ఒకటి వేలాడదీస్తారు. పరిగెత్తబోతే అది మోకాళ్ళకు తగులుతుంది, నడిస్తే ఏమీ కాదు. మనం ఇప్పుడు "ఆ పని నా మెడకు గుదిబండ అయింది" అని విసుక్కుంటాం కానీ, అప్పట్లో అది పక్కవాడి చేనుకు ఇచ్చే మర్యాద. రెండోది బందెలదొడ్డి. ఊళ్ళో పాతకాలం నుంచి ఉన్న ఈ తీరుకు తోడు 1871లో బ్రిటిష్ ప్రభుత్వం పశువుల బందె చట్టం చేసింది. చేనులో పడిన పశువును దొడ్డిలో పెట్టి, యజమాని జరిమానా, మేత ఖర్చు కడితేనే వదిలేవాళ్ళు.

ఆ చట్టంలో ఏయే జంతువులున్నాయో చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఏనుగు ఉంది, ఒంటె ఉంది, గుర్రం, గాడిద, పంది, గొర్రె, ఆఖరికి మేకపిల్ల కూడా ఉంది. కుక్క లేదు! అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికిందనిపించింది. ఆవు ఒకరిది, మేక ఒకరిది. కుక్క ఎవరిది? మన భాషే చెబుతోంది, అది "ఊరకుక్క". ఊరందరిదీ. మా అవ్వ (అమ్మ వాళ్ళమ్మ) రాత్రి సంగటి గిన్నె కడగబోయే ముందు అడుగున మిగిలిన ముద్ద తీసి బయట రాతి మీద పెట్టేది. పక్కింటివాళ్ళు మజ్జిగన్నం పెట్టేవాళ్ళు. ఆ కుక్క రాత్రంతా వీధి కాసేది. అందరూ పెట్టేవాళ్ళే కానీ, అది ఏదైనా చేస్తే "నాది" అనేవాళ్ళు ఒక్కరూ లేరు.

అలాగని కుక్కంటే మనవాళ్ళకు చులకన అనుకోకండి. మనకు దగ్గర్లోనే, కన్నడ దేశంలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949 నాటి శాసనం ఒకటి దొరికింది. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడి తరఫున తక్కోలం యుద్ధంలో బాగా పోరాడిన మణలేర అనే వీరుడిని ఏం కావాలో కోరుకోమన్నారట. అతను వేటకుక్క "కాళి"ని అడిగి తెచ్చుకున్నాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చిపోయాయి. దానికి గుర్తుగా రాయి నిలబెట్టి, పూజకు భూమి కూడా ఇచ్చారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. వేల మంది సైనికుల పేర్లు పోయాయి. ఒక కుక్క పేరు వెయ్యేళ్ళు దాటి మన దాకా వచ్చింది, ఎందుకంటే "ఇది నాది" అనే మనిషి దానికి ఒకడున్నాడు.

ఇక దొరల కాలం వచ్చింది. వాళ్ళతో పాటు వచ్చిన జాతికుక్కలను మనవాళ్ళు "సీమకుక్క" అన్నారు. సీమచింత, సీమవంకాయ లాగా. మన రాయలసీమకు దీనికి సంబంధం లేదు లెండి. సీమకుక్కకు మెడపట్టీ, గొలుసు, నడిపించడానికి ఒక నౌకరు. ఊరకుక్కకు మాత్రం దుడ్డుకర్ర.

బొంబాయిలో వీధికుక్కలను చంపిన పోలీసులకు తలకు ఎనిమిది అణాలు ఇచ్చేవాళ్ళు. డబ్బు ఆశకు కొందరు ఇళ్ళ ముందున్న పెంపుడు కుక్కలను కూడా కొట్టి చంపడం మొదలెట్టారు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు 1832 జూన్ 6న తిరగబడ్డారు. దుకాణాలు మూశారు, కోటలోని తెల్లవాళ్ళకు తిండి సరుకులు పోనీయలేదు. కుక్కల కోసం ఒక నగరం బంద్ అయింది! చివరికి చంపడం బదులు ఊరి బయటకు తరలిస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మన మద్రాసులో మాత్రం చంపడం ఆగలేదు. 1990ల నాటికి కార్పొరేషన్ రోజుకు వందకు పైగా కుక్కలను చంపుతుండేది. అయినా వీధుల్లో కుక్కలు తగ్గలేదు. ఖాళీ అయిన చోటుకు పక్క వీధివి వస్తాయి, చెత్తకుప్ప ఉన్నంతవరకు పిల్లలు పుడుతూనే ఉంటాయి. అక్కడి బ్లూ క్రాస్ వాళ్ళు 1964 నుంచీ చెబుతున్న మాట ఒకటే, చంపొద్దు, ఆపరేషన్ చేసి టీకా వేసి వదలండి అని. దాన్ని కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1996 వచ్చింది. ఆ తర్వాత 2001లో అదే దేశమంతటికీ నిబంధన అయింది. చెవి కొస కొద్దిగా కత్తిరించిన వీధికుక్కను మీరు చూసే ఉంటారు. అది దెబ్బ కాదు, ఆపరేషన్, టీకా అయ్యాయని గుర్తు.

ఇప్పుడు ఇంకో వైపు చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను కుక్కల పక్షం మాత్రమే రాసినట్టవుతుంది.

నా చిన్నప్పుడు, 1980లలో, మా వీధికుక్క మా తమ్ముడిని పిక్క మీద కరిచింది. రోజూ మా అవ్వ ముద్ద తిన్న కుక్కే. అదే రోజు పక్క సందులో ఇంకో పిల్లవాడిని కూడా కరిచింది. మా నాన్న తమ్ముణ్ణి బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. బొడ్డు చుట్టూ 14 సూదులు, రోజుకొకటి. వాడి ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పక్క సందు పిల్లవాడికి వాళ్ళింట్లో పసరు పోసి, కాటు మీద సున్నం పెట్టి ఊరుకున్నారు. సూదులంటే భయం, బస్సు చార్జీలకు డబ్బుల్లేవు. రెండు నెలలు గడిచాయి. నీళ్ళ గ్లాసు చూసి వణికిపోయిన ఆ పిల్లవాడు మూడు రోజుల్లో పోయాడు. ఊళ్ళో మగవాళ్ళు వీధిలో ఉన్న కుక్కలన్నిటినీ వెంటాడి కొట్టారు. కరిచిన కుక్క అప్పటికే ఎప్పుడో చచ్చిపోయింది. కొట్టించుకున్నవాటికి ఏ పాపమూ తెలియదు.

ఆ 14 సూదుల చరిత్ర కూడా తెలుసుకున్నాను. 1885 జూలైలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ మొదటిసారి పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి టీకా ఇచ్చి కాపాడాడు. మన దేశంలో 1900లో కసౌలీలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. దక్షిణాదివాళ్ళకు 1907లో నీలగిరుల్లోని కూనూరులో వచ్చింది. ఒక తెల్ల యువతి రేబిస్‌తో చనిపోయాక మొదలైన ప్రయత్నం అది. 1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు నుంచి టీకా తయారుచేశాడు. మన బొడ్డు చుట్టూ సూదులు అవే. తొంభై ఏళ్ళకు పైగా నడిచి, 2005 నాటికి మన దేశంలో ఆగిపోయాయి. ఇప్పుడన్నీ చేతికే, నాలుగైదు సార్లు మాత్రమే. సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

అయినా మన దేశంలో ఏటా వేలమంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్ళలో పిల్లలు కూడా చాలామంది. లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడి మీద వీధికుక్కలు పడిన వీడియో చూసి ఏ తల్లి నిద్రపోయిందో చెప్పండి. కుక్కను ప్రేమించేవాళ్ళం ఆ తల్లికి కూడా జవాబు చెప్పగలగాలి.

మనకు "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అని సామెత. నేనైతే కుక్క కాటుకు సబ్బు దెబ్బ అంటాను. కరిచినా, గోరు గీరినా వెంటనే ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చెప్పిన తేదీలకు సూదులన్నీ పూర్తి చేయాలి. "మన ఇంటి కుక్కే కదా" అనుకోవద్దు.

ఇక చట్టం దగ్గరికి వస్తే, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఒక స్త్రీ కథ. కళాక్షేత్ర పెట్టిన నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అక్కడ కూర్చుని ఆమె జంతుహింస నివారణకు సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాట ఇచ్చాక వెనక్కు తీసుకున్నారు. అలా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ చట్టం 11వ సెక్షన్‌లో ఏముందో తెలుసా? ఎప్పుడూ గొలుసుతో కట్టేసి గానీ గదిలో బంధించి గానీ ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోతే అది నేరం! మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. పెంచుకుని, విసుగొచ్చి రోడ్డు మీద వదిలేయడం కూడా నేరమే. అంటే కుక్కను వాకింగ్‌కు తీసుకెళ్ళడం డబ్బున్నవాళ్ళ సరదా కాదు, అరవై ఏళ్ళకు పైగా మన దేశంలో అది చట్టం చెప్పిన బాధ్యత. జరిమానా మాత్రం పది రూపాయల నుంచి యాభై. అప్పుడు రాసిందే ఇప్పటికీ ఉంది. అందుకేనేమో ఎవరూ లెక్కచేయరు.

దానికి రెండో పక్క 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉంది. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి, ఒంటికి ప్రమాదం రాకుండా చూసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షన్ అయింది, జరిమానా ఐదు వేలకు పెరిగింది. కుక్కను తిప్పకపోతే ఒక తప్పు, వదిలేసి తిప్పితే ఇంకో తప్పు. ఈ రెండింటి మధ్య ఉన్న దారి పేరే గొలుసు. ఆ రోజు నేను విప్పేసింది దాన్నే.

వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్ళకు కూడా నియమాలున్నాయి. 2023 నిబంధనల ప్రకారం పెట్టే చోటు పిల్లలు ఆడుకునే చోటికి, రాకపోకల దారులకు దూరంగా ఉండాలి, తర్వాత శుభ్రం చేయాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. ఆపరేషన్, టీకా చేసిన కుక్కలను తిరిగి వాటి చోటే వదలాలి, పిచ్చివాటిని, మీదపడేవాటిని వదలకూడదు, తిండి మాత్రం ఎక్కడపడితే అక్కడ కాకుండా కేటాయించిన చోటే పెట్టాలి అని. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లో కుక్కలు ఉండకూడదని ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి ముందు ముద్ద పెట్టిన మా అవ్వ ఇప్పుడుంటే ఏమనేదో! కానీ మా తమ్ముడి పిక్క మీద మచ్చ చూసినప్పుడు ఆ నియమం కఠినమని నాకనిపించదు.

మన పుట్టపర్తి సంగతి కొంచెం వేరు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రం అయ్యాక బండ్లు, ఆఫీసులు, జనం పెరిగారు. ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వస్తారు. తెల్లవారుజామున చాలామంది చెప్పుల్లేకుండా నడుస్తారు. సరిగ్గా మనం కుక్కలను తిప్పే సమయం, మనం ముగ్గులేసే సమయం, వాళ్ళు నడిచే సమయం ఒకటే. కొందరు వచ్చినన్నాళ్ళు ప్రేమగా బిస్కెట్లు పెట్టి వెళ్ళిపోతారు. తర్వాత ఆ కుక్కలు ప్రతి సంచీ వెంట పడతాయి, కర్ర దెబ్బలు తింటాయి.

ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన క్లెమెంటీన్ పావ్స్ అనే ఆవిడ 2000లో ఇక్కడ కరుణ సొసైటీ ప్రారంభించారు. దెబ్బ తిన్న పశువులకు వైద్యం, వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేస్తున్నారు. వాళ్ళే ఆవుల కడుపుల్లో కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు చూసి 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు.

ఆ ప్లాస్టిక్ సంగతి తెలిశాకే నాకు ఇంకో తప్పు తెలిసింది. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కుక్క వెనకాలే సంచీ పట్టుకుని తిరుగుతుంది. న్యూయార్క్‌లో 1978 ఆగస్టు 1 నుంచి కుక్క చేసింది యజమానే ఎత్తాలని చట్టం వచ్చిందట, లేకపోతే వంద డాలర్ల దాకా జరిమానా. మొదట్లో జనం నవ్వారట, తర్వాత అలవాటైపోయింది. నేనూ వదినమ్మను చూసి ప్లాస్టిక్ కవర్లో ఎత్తి, మూటగట్టి చెత్తకుప్పలో వేశాను. అమెరికా చెత్తకుప్ప మీద ఆవు మేయదు. మన దగ్గర మేస్తుంది!

అందుకని ఇప్పుడు పాత న్యూస్‌పేపరు, చిన్న రేకు పార వెంట పెట్టుకుంటాను. ఇంటి వెనక, కూరగాయల మడికి దూరంగా గుంట తీసి, దాంట్లో వేసి మట్టి కప్పుతాను. కుక్క మలంలో నులిపురుగుల గుడ్లుంటాయి, ఉత్తకాళ్ళతో తిరిగే పిల్లలకు అవి అంటుకుంటాయి. ఏటా రేబిస్ టీకా వేయించి, చీటీ ఫ్రిజ్ మీద అతికించాను. మున్సిపాలిటీలో పెంపుడు కుక్క నమోదు గురించి అడిగి తెలుసుకోండి. గొలుసు రెండు మూర్లకు మించి వదలను. ఎదురుగా చిన్నపిల్లలు, ముసలివాళ్ళు వస్తే నేనే రోడ్డు దాటి అవతలికి పోతాను. "ఏం చేయదు, రండి" అనడం మానేశాను. అది ఏం చేయదని నాకు తెలుసు, వాళ్ళకెలా తెలుస్తుంది? ఎండాకాలం ఏడు దాటాక బయటకు తీయను. తారు రోడ్డు మీద అరచెయ్యి పెట్టి చూడండి. మన చెయ్యి ఓర్చుకోలేనిది దాని పాదం కూడా ఓర్చుకోలేదు.

ఆ రోజు గొబ్బెమ్మల సంగతికి వస్తాను. వాకిలి కడిగి, అవ్వ వద్దంటున్నా నేనే మళ్ళీ ముగ్గేశాను. వంకరగా వచ్చింది. మరుసటి రోజు నుంచి ఆమె వాకిలి దాటేదాకా కర్రిగాడిని నా ఎడమ కాలి పక్కనే, గొలుసు పొట్టిగా పట్టుకుని నడిపించాను. వారం పోయాక ఒక పొద్దున అవ్వ పిలిచింది. చేతిలో సద్దిరొట్టె ముక్క.

"దీనికి పెట్టొచ్చునా?" అంది.

"పెట్టండవ్వా, కానీ మా ఇంటి గేటు లోపలికి వచ్చి పెట్టండి. ఇక్కడ పెడితే రేపటి నుంచి మీ వాకిలి వదలడు" అన్నాను.

అవ్వ నవ్వి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని రోడ్డు దాటి మా గేటు లోపలికి వచ్చింది. "అయితే దీనికి దొడ్డి దొరికిందన్నమాట" అంది.